సున్నపురాతి గట్టు మీద ద్రాక్షతీగ

కావ్యాల రుచిని తూచడానికి మన పూర్వులు తోటల్లోంచి, వంటింట్లోంచి మాటలు తెచ్చుకున్నారు. నోట వేసుకోగానే రసం ఊరేది ద్రాక్షాపాకం. తొక్క ఒలిస్తేగాని అందనిది కదళీపాకం. పీచు తీసి, చిప్ప పగలగొట్టి, కోరుకుంటేగాని రుచి తెలియనిది నారికేళపాకం. అంటే మన లెక్కలో ద్రాక్ష ఏమీ దాచుకోనిది, అడగ్గానే ఇచ్చేసేది. ఫ్రాన్సు దేశపు నైరుతి భాగంలో, దోర్దోన్ నదికి కాస్త ఉత్తరాన, సెంట్ ఎమిలియన్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడి సున్నపురాతి గట్టు మీద ముదురు తీగల నుంచి తీసే ఎర్ర వైనుకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. పుట్టిన కొత్తలో అది నారికేళపాకమే. జామపిందె కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. మంచి ఏడాది పంటైతే పదిహేనేళ్లకో, ఇరవై ముప్ఫయ్యేళ్లకో గాని అది ద్రాక్షాపాకాన పడదు.

పండుగ సంచికలో ఈ గొడవేమిటని పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. వారి కోపానికి కారణం ఉంది. సారా మన ఊళ్లలో ఎన్ని కాపురాలు కూల్చిందో తెలియనిది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం 1992లో రాష్ట్రమంతా అంటుకుని, 1995లో మద్యనిషేధం దాకా పోయింది. ఆ రోజులెరిగిన అమ్మలు, అమ్మమ్మలు సీసా కనబడగానే మొహం తిప్పుకోవడంలో వింతేమీ లేదు. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. కాని ఈ దేశంలో పుట్టి పెరిగిన మన రెండో తరం, మూడో తరం పిల్లలు పెళ్లి విందుల్లో, కాలేజీ భోజనాల్లో ‘క్లారెట్’ అనే మాట వింటూనే ఉంటారు. బోర్డో ప్రాంతపు ఎర్ర వైనుకు ఇంగ్లీషువారు పెట్టుకున్న ముద్దుపేరది. ఆ పేరు వెనుక దాదాపు తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలుసుకోవడానికి గ్లాసు పట్టనక్కరలేదు.

ముందుగా ఒక మాట. వైను సారాయి కాదు, బట్టీ పెట్టి దించేది కాదు. కల్లు లాగా తనంతట తాను పులిసేది. ఆ మాటకొస్తే మన ఆయుర్వేద దుకాణంలో అమ్మే ద్రాక్షారిష్టం కూడా ద్రాక్షను పులియబెట్టి చేసేదే. అయితే తెల్లవారుజామున దించిన తాటికల్లు పొద్దెక్కేసరికి పులుపెక్కుతుంది, మర్నాటికి ముట్టుకోలేం. అదే జాతిలో పుట్టిన వైనుకు పాతబియ్యంలాగా, పాతచింతపండులాగా నిలవుండే కొద్దీ విలువ పెరిగే గుణం ఎక్కడినుంచి వచ్చింది? అడిగితే ఫ్రెంచివారు తమ నేలను చూపిస్తారు. అది సగం జవాబే. తక్కిన సగం మనం కాపురముంటున్న ఈ ఇంగ్లండులో ఉంది.

నేల సంగతి చూద్దాం. సెంట్ ఎమిలియన్ ఊరి కింద ఉన్న సున్నపురాయి సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పేరుకున్నది. అందులో సముద్రనక్షత్రాల అవశేషాలు కనబడతాయి కనుక అక్కడివారు దానికి నక్షత్రాల పేరే పెట్టుకున్నారు. మెత్తని రాయి, రంపానికి లొంగుతుంది. 8వ శతాబ్దిలో బ్రిటనీ నుంచి ఎమిలియన్ అనే సన్యాసి వచ్చి ఆ కొండ గుహలో తపస్సు చేసుకున్నాడంటారు. ఊరికి ఆయన పేరే వచ్చింది. తర్వాత ఆయన శిష్యపరంపర కొండను తొలిచి, లోపలే ఒక పెద్ద చర్చి చెక్కారు. మన ఉండవల్లి గుహాలయం చూసినవారికి దీని సంగతి వేరే చెప్పనక్కరలేదు. అటుపైన శతాబ్దుల తరబడి బోర్డో నగరపు మేడలకు ఇక్కడినుంచే రాయి తవ్వుకుపోయారు. అంచేత ఊరి కింద, తోటల కింద మైళ్లకొద్దీ సొరంగాలు మిగిలాయి. కర్నూలు సీమలోని బెలుం గుహలను నీరు తొలిచింది, వీటిని మనుషులు తొలిచారు, అంతే తేడా. ఖాళీ అయిన ఆ సొరంగాలే వైను పీపాలకు చల్లని నేలమాళిగలయ్యాయి.

ఈ రాయి మీద మట్టి మందం తక్కువ. చాలాచోట్ల మూరెడు తవ్వితే రాయి తగులుతుంది. వరి పండదు, గోధుమ అంతంతమాత్రం. ద్రాక్షతీగకు మాత్రం అదే వరం. రాయి స్పంజిలాగా చలికాలపు వాననీటిని పీల్చుకుని, ఎండాకాలంలో కొంచెం కొంచెంగా పైకి వదులుతుంది. తీగ దాహంతో చావదు, అలాగని కడుపునిండా తాగి బలియదు కూడా. వేళ్లు రాతి నెరియల్లోకి దిగుతాయి. కాయ చిన్నదిగా, తొక్క మందంగా ఉంటుంది. రసంలో పులుపు నిలుస్తుంది. నిలవకు కావలసిన సరుకంతా ఆ తొక్కలోను, ఆ పులుపులోను ఉంది. వైనులో సున్నపురాతి రుచే తగులుతుందని కొందరు రసికులు వర్ణిస్తుంటారు. వేళ్లు రాతి రుచిని పీల్చి పండులో పోస్తాయనడానికి శాస్త్రాధారమేమీ లేదు. రాయి చేసేది నీటి కాపలా, అది చాలదా?

సున్నపురాయి అనగానే మనకు తాంబూలంలోని సున్నం గుర్తొస్తుంది, గోడలకు వేసే వెల్ల గుర్తొస్తుంది. కాని లండనులో ఉన్న తెలుగువారికి ఇంకొకటి గుర్తురావాలి. బ్రిటిష్ మ్యూజియంలో ప్రత్యేకంగా ఒక గది నిండా ఉన్న అమరావతి శిల్పాలు పల్నాటి సున్నపురాయే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించగా, 1859లో ఓడలో ఇక్కడికి వచ్చాయి. చలువరాళ్లని పేరుపడ్డాయి గాని నిజానికి అవి సున్నపురాళ్లు. సెంట్ ఎమిలియన్ రాయికంటె మన పల్నాటి రాయి ఎన్నో రెట్లు పాతది, ప్రాణులు గుల్లలు కట్టుకోవడం నేర్వకముందు నాటిది. ఆ పల్నాటి రాతిలోనే, క్రీ.శ. 3, 4 శతాబ్దుల ఇక్ష్వాకుల నాగార్జునకొండలో, ఒక స్తంభం మీద గడ్డం మనిషి ఒకడున్నాడు. నడుము పైన బట్ట లేదు. చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర, దగ్గర ఒక కూజా. యవనుల మద్యదేవత డయొనైసస్ బొమ్మ అని పలువురు పండితుల అభిప్రాయం. రోము ఓడలు మన కృష్ణాతీరానికి వచ్చిన కాలపు గుర్తు అది. వాటితోబాటు వైను జాడీలు కూడా దేశానికి దిగాయి.

ఇంచుమించు అదే రోజుల్లో బోర్డోలో ఆసోనియస్ అనే లాటిను కవి ఉండేవాడు. క్రీ.శ. 310 ప్రాంతంలో పుట్టి, రోము రాకుమారుడికి చదువు చెప్పి, 379లో కాన్సలు పదవి దాకా పోయినవాడు. తన ప్రాంతపు వైను గురించి గొప్పగా చెప్పుకున్నాడు. సెంట్ ఎమిలియన్ గట్టు అంచున, ఎండకు ఎదురుగా నిలిచిన ‘షాతో ఓసోన్’ అనే తోటకు ఆయన పేరే పెట్టారు. ఆయన బంగళా అక్కడే ఉండేదని ఊరివారు చెప్పుకుంటారు. ఊరివాళ్ల మాటకు శాసనం అడగడం మర్యాద కాదు గనుక ముందుకు పోదాం.

ఇంగ్లండు ఈ కథలోకి వచ్చింది పెళ్లితో. 1152లో అక్విటేను సంస్థానపు వారసురాలు ఎలినార్, హెన్రీ ప్లాంటాజెనెట్‌ను పెళ్లాడింది. రెండేళ్లకు ఆయన ఇంగ్లండు రాజు రెండో హెన్రీ అయ్యాడు. బోర్డో, సెంట్ ఎమిలియన్ అంతా కలిపి అరణంగా వచ్చినట్టయింది. 1199లో వారి కొడుకు జాన్ రాజు, ఊరి పెద్దలే తమ ఊరిని ఏలుకోవచ్చునని సెంట్ ఎమిలియన్‌కు పట్టా రాసిచ్చాడు. ఆ పెద్దల సభను ‘జురాద్’ అంటారు. పీపాల మీద ఊరి ముద్ర కాల్చివేయడం, నాసిరకాన్ని ఏరి నాశనం చేయించడం వారి అధికారాల్లోవి. 1289లో మొదటి ఎడ్వర్డు ఆ ఊరి అధికారం కింద ఉండే ఎనిమిది పారిష్‌ల ఎల్లలు నిర్ణయించాడు. ఆ ఎల్లలే ఇంచుమించు అట్లాగే మిగిలాయి. 1999లో ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించినది కూడా వాటినే. ఫ్రెంచి విప్లవంలో జురాద్ రద్దయింది. 1948లో మళ్లీ లేపారు గాని ఇప్పుడది వేడుకల సంఘం. ఎర్రని అంగీలు వేసుకుని, పాత రాజగోపురం ఎక్కి, కోతలు మొదలని చాటుతారు. చూడముచ్చటగా ఉంటుందంటారు.

ఆ వైను పడవలెక్కే రేవు లిబూర్న్. 1270 ప్రాంతంలో దాన్ని కట్టించినవాడు రోజర్ డి లేబర్న్ అనే ఇంగ్లీషు ఉద్యోగి. కెంటులో మేడ్‌స్టనుకు దగ్గరి లేబర్న్ అతని సొంత ఊరు. ఆ పేరే ఫ్రెంచి నోట లిబూర్న్ అయింది. కెంటులో కాపురముంటున్న మనవారు ఎంతమంది ఆ ఊరి మీదుగా రోజూ కారులో పోతున్నారో!

1308-09 నాటి లెక్కల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో బోర్డో నుంచి లక్షకు పైగా టన్ పీపాల వైను ఎగుమతైంది. ఒక్కొక్క టన్ దగ్గరదగ్గర 900 లీటర్లు. అన్నిటికంటె పెద్ద బేరగాడు ఇంగ్లండే. ఓడ ఎన్ని టన్నులదని ఇవాళ్టికీ అడుగుతున్నామంటే, అది ఎన్ని వైను పీపాలు మోస్తుందన్న పాత లెక్కే. లండనులో థేమ్సు ఒడ్డున ఆ పీపాలు దిగిన పేటకు వింట్రీ అనే పేరు నేటికీ ఉంది. అక్కడి వైను వర్తకుల సంఘానికి 1363లో మూడో ఎడ్వర్డు పట్టా ఇచ్చాడు. థేమ్సు మీది హంసల్లో రాజుతోబాటు వాటా ఉన్న రెండు వర్తక సంఘాల్లో అది ఒకటి. ఇంగ్లీషు కవి చాసర్ ఆ వైను వర్తకుడి కొడుకే. 1374లో రాజు అతనికి బతికినంత కాలం రోజుకొక కూజా వైను మంజూరు చేశాడు. మన శ్రీనాథుడు వింటే సంతోషించేవాడు, అసూయ కూడా పడేవాడు!

ఇంత రాజభోగంలోనూ ఒక విచిత్రం చూడండి. ఇంగ్లీషువారు ఆ నేలను ఏలిన 300 ఏళ్లలో ఆ వైనును ఎవరూ నిలవ చేసుకు తాగలేదు. శరదృతువులో కోత, క్రిస్మసు లోపల ఓడలు. పీపాలో ఉన్న వైను గాలి తగిలి వేసవికల్లా పులుపుదిరిగేది. కొత్త సరుకు రేవుకు వచ్చిందంటే పాతదాని ధర సగానికి పడిపోయేది. కొత్తదే గొప్ప, పాతది పారబోతకు. రంగు కూడా చిక్కటి ఎరుపు కాదు, లేత రంగు. క్లారెట్ అనే పేరు ఆ తేటదనం నుంచే వచ్చింది. అంటే అదే రాయి, అదే తీగ, అదే ఎండ. వయసు మాత్రం లేదు. అంతా నేల మహిమే అయితే ఆ మూడు వందల ఏళ్లు నేల ఏం చేస్తున్నట్టు?

1453 జూలైలో సెంట్ ఎమిలియన్‌కు పట్టున పది మైళ్లయినా లేని కాస్టియోన్ దగ్గర యుద్ధం జరిగింది. ఇంగ్లీషు సేనాని జాన్ టాల్బట్ పడిపోయాడు. నూరేళ్ల యుద్ధం ముగిసింది, ఆ సీమ ఫ్రాన్సుది అయింది. చేతిలో ఉన్నంతకాలం చేయని పనిని ఇంగ్లండు పోగొట్టుకున్నాక, తెలియకుండానే చేసింది.

1615లో మొదటి జేమ్సు రాజు, గాజు కొలుముల్లో కట్టెలు కాల్చరాదని ఆజ్ఞ వేశాడు. నౌకాదళానికి కలప దక్కాలని ఆయన బాధ. గాజు పనివారు గత్యంతరం లేక నేలబొగ్గుకు మారారు. బొగ్గు మంట వేడి ఎక్కువ. ఆ వేడికి గాజు మందంగా, గట్టిగా, పొగ తగిలి నల్లగా వచ్చింది. అప్పటిదాకా సీసా అంటే బల్లమీద అలంకారం, చేయి జారితే ముక్కలు. ఇప్పుడది కొట్టు సామాను అయింది. 1630ల్లో ఆ కొత్త సీసా తయారీని బాగుచేసినవాడుగా కెనెల్మ్ డిగ్బీ అనే సాహసికి పేరు. పోర్చుగల్, స్పెయిన్ అడవుల బెరడుతో బిరడా వచ్చింది. బిరడా ఎండిపోకుండా సీసాను పక్కకు పడుకోబెట్టడం 18వ శతాబ్దిలో అలవాటయింది. అందుకు వీలుగా బొజ్జ సీసాలు పోయి నిలువు సీసాలు వచ్చాయి. బిరడా ఊడదీసే మరమేకుకు 1795లో ఒక ఇంగ్లీషు పాదిరీ, శామ్యూల్ హెన్షాల్, పేటెంటు పుచ్చుకున్నాడు. పాదిరీగారికి ఆ పని ఎందుకు పడిందో చరిత్ర చెప్పదు. డచ్చివారి చేయి కూడా ఇందులో ఉంది. ఖాళీ పీపాల్లో గంధకపు వత్తి వెలిగించి, వైను చెడకుండా కాపాడడం వారు నేర్పిన విద్య.

గాలి చొరని ఆ చీకట్లో ఏం జరుగుతుంది? ఎర్ర ద్రాక్ష తొక్కలో, గింజలో వగరు ఉంటుంది. టీ డికాషను మరీ మరిగితే వచ్చే వగరు, కరక్కాయ వగరు, వక్క వగరు, అన్నీ ఈ కుటుంబంలోవే. శాస్త్రజ్ఞులు టానిన్ అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ వగరు, రంగు ఒకదానినొకటి పట్టుకుని, బరువెక్కి, మడ్డిగా అడుక్కి దిగుతాయి. ఊదా ఛాయ పోయి ఇటుకరంగు వస్తుంది. పచ్చిపండు వాసన పోయి, ఎండిన ఆకులు, పుట్టగొడుగులు, అత్తి, తోలు వంటి వాసనలు వస్తాయి. పులుపు మాత్రం వెన్నెముకలాగా నిలిచి, మొత్తాన్ని కూలిపోకుండా పట్టుకుంటుంది. వగరూ పులుపూ లేని వైనును సీసాలో నూరేళ్లు దాచినా ముసలిదవుతుందే గాని పెద్దది కాదు. ఇక్కడే సున్నపురాతి గట్టుకు, ఇంగ్లీషు సీసాకు పొత్తు కుదిరింది. నేల సరుకునిచ్చింది, సీసా కాలాన్నిచ్చింది.

వైనును తోట పేరుతో గుర్తుపెట్టుకు తాగడం కూడా లండనులోనే పాకాన పడింది. 1663 ఏప్రిల్ 10న లంబార్డ్ వీధిలోని ఒక పానశాలలో ‘ఓ బ్రియాన్’ తాగానని, అటువంటి ప్రత్యేకమైన రుచి ఎన్నడూ ఎరుగనని శామ్యూల్ పీప్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. అది బోర్డో శివార్లలోని గులకనేల తోట, సెంట్ ఎమిలియన్‌ది కాదు. నిజానికి ఆ రోజుల్లో మన సున్నపురాతి గట్టుకు అంత పేరు లేదు. నదికి ఆవలి గట్టున, లోపలిగా ఉండడంతో బోర్డో షావుకార్లు దాన్ని చిన్నచూపు చూశారు. 1855లో పారిసు ప్రదర్శన కోసం వేసిన ప్రఖ్యాత వర్గీకరణలో సెంట్ ఎమిలియన్ పేరే లేదు. తన పట్టిక తాను వేసుకోవడానికి 1955 దాకా ఆగవలసి వచ్చింది. అది పదేళ్లకోమారు తిరగరాసే పట్టిక. ఒకసారి కోర్టుకెక్కి కొట్టుబడింది కూడా. 2022 నాటి జాబితా వచ్చేసరికి ఓసోన్, షెవాల్ బ్లాంక్ వంటి పెద్ద తోటలే మాకొద్దని తప్పుకున్నాయి. పదవులు, పట్టికలు ఎక్కడైనా ఇంతే.

ఇంగ్లీషువారికి, ఫ్రెంచివారికి మధ్య ఆ వైను సీమలో ముగిసిన తగాదా మన తెలుగు తీరాన మళ్లీ తెరుచుకుంది. 1669లో ఫ్రెంచివారు మచిలీపట్నంలో కోఠీ పెట్టారు. 1723లో యానాం చేరారు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి పొలాల్లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచి సేనను ఓడించి, మరుసటి ఏప్రిల్లో బందరు కోట పట్టుకున్నాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి ఏలుబడి అక్కడితో సరి. యానాం మాత్రం 1954 దాకా వారి చేతిలోనే ఉంది. ఓడిందెవరైనా, గెలిచినవారి బల్లమీద ఉన్నది ఓడినవారి వైనే. కుంపిణీ దొరలు క్లారెట్టును ‘లాల్ షరాబ్’ అనేవారు, వారి బట్లర్లకు కూడా అదే పేరు. మద్రాసు ఎండలో, ఆరు నెలల ఓడ ప్రయాణం తర్వాత, అందులో వైను ఎంత, పులుపు ఎంత అన్నది వేరే సంగతి. వ్యాపారం మాత్రం జోరుగా సాగింది. బోర్డో ఉత్తరాన సెంట్ ఎస్టెఫ్ అనే ఊళ్లో లూయీ గాస్పార్ దెస్తూర్నెల్ అనే తోట యజమాని ఇండియాకు వైను పంపి, ఆ మురిపెంతో తన కొట్టు మీద మన గోపురాలను తలపించే శిఖరాలు కట్టించుకున్నాడు. ఇవాళ్టికీ ఉన్నాయి. ఆయన 1852లో ఆ తోటను ఒక లండను బ్యాంకరుకు అమ్ముకోవలసి వచ్చింది. శిఖరాలు అంత చౌక కాదు.

ఇక అసలు ప్రమాదం. 1863లో లండను హామర్‌స్మిత్‌లోని ఒక అద్దాలతోట నుంచి, బుడిపెలు లేచిన ద్రాక్షాకు ఒకటి ఆక్స్‌ఫర్డులోని పురుగుల శాస్త్రజ్ఞుడు వెస్ట్‌వుడ్‌కు పరీక్ష కోసం చేరింది. అమెరికా నుంచి మొక్కలతోబాటు వచ్చిన ఫిలాక్సెరా అనే పేనుబంక జాతి పురుగు అది. కంటికి ఆననంత చిన్నది, తీగ వేళ్లను పీల్చి చంపుతుంది. అదే రోజుల్లో దక్షిణ ఫ్రాన్సులో తోటలు కారణం తెలియకుండా ఎండిపోవడం మొదలైంది. 1868లో ప్లాంషాన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు చచ్చిన తీగలను వదిలి, బతికున్న తీగల వేళ్లు పెకలించి చూసి పురుగును పట్టుకున్నారు. మందు కనిపెట్టినవారికి ఫ్రెంచి ప్రభుత్వం 3,00,000 ఫ్రాంకుల బహుమతి ప్రకటించింది. ఎవరికీ ఇవ్వలేదు. చివరికి మందు కాదు, అంటు పనిచేసింది. పురుగుకు అలవాటుపడిన అమెరికా తీగను వేరుగా పెట్టి, దానిమీద ఫ్రెంచి కొమ్మ కట్టారు. కడియం తోటల్లో మామిడి అంటు కట్టినట్టే. టెంక నుంచి మొలిచిన ఏదో నాటుమామిడి వేరు, పైన బంగినపల్లి. చెట్టు కాసేది బంగినపల్లే, వేరు ఎవరిదని ఎవరూ అడగరు.

సున్నపునేలల్లో ఆ అంటు కూడా మొదట బెడిసికొట్టింది. తొలుత తెచ్చిన అమెరికా వేళ్లు సున్నాన్ని భరించలేక, ఇనుము అందక, ఆకులు పాలిపోయి చచ్చాయి. మన బత్తాయి, నిమ్మతోటల రైతులకు ఈ పసుపు తెగులు బాగా తెలుసు. 1887లో ఫ్రెంచి ప్రభుత్వం పియేర్ వియాలా అనే పండితుణ్ణి అమెరికా పంపింది. ఆయన తిరిగి తిరిగి టెక్సస్ చేరాడు. అక్కడి డెనిసన్ పట్నంలో మన్‌సన్ అనే ద్రాక్షల పెద్దమనిషి దారి చూపించాడు. టెక్సస్ సున్నపు గుట్టల్లో ఎవరూ నాటకుండా పెరిగే బెర్లాండియరీ అనే అడవితీగ దొరికింది. సున్నంలో పుట్టినది గనుక సున్నాన్ని తట్టుకుంది. దాని సంకరజాతుల వేళ్లే ఫ్రాన్సు సున్నపునేలల తోటలను మళ్లీ నిలబెట్టాయి. 1888లో మన్‌సన్‌కు ఫ్రాన్సు తన మెరిత్ అగ్రికోల్ గౌరవమిచ్చింది.

అంటే రోమువారి నాటి పాత మధ్యధరా తీగ, దాని కింద అమెరికా వేరు, చుట్టూ ఇంగ్లీషు సీసా, నోట పోర్చుగీసు బిరడా. ఇన్ని చేతుల మీదుగా వచ్చినా దాన్ని సెంట్ ఎమిలియన్ వైను కాదనేవారు లేరు. తాను తెలుగో, ఇంగ్లీషో తేల్చమని బడిలో ఎవరైనా అడిగితే ఇంటికొచ్చి బిక్కమొహం వేసే మన పిల్లలకు ఈ తీగ కథ చెప్పవచ్చునని నాకు తోస్తుంది.

ముదురు తీగ అంటే ఎంత ముదురు? ఫ్రెంచి చట్టంలో దీనికి లెక్క లేదు. ముప్ఫయ్యేళ్ల తీగకూ, ఎనభయ్యేళ్ల తీగకూ ఒకే చీటీ అంటించవచ్చు. అమ్మేవాడి మర్యాదను బట్టి. సెంట్ ఎమిలియన్‌లో మరీ ముదురు తీగలు అరుదుగా కనబడడానికి 1956 ఫిబ్రవరి కారణం. అంతకు ముందు వెచ్చగా ఉండడంతో తీగల్లో జీవం కదలడం మొదలైంది. అంతలో ఒక్కసారిగా చలి విరుచుకుపడి, రోజుల తరబడి గడ్డకట్టించింది. వేల ఎకరాలు కొయ్యబారాయి. గట్టుమీద అక్కడక్కడ తప్పించుకున్న తీగలు, ఆ మరుసటి ఏళ్లలో నాటినవి, ఇవే ఇప్పుడు పెద్దవాళ్లు. ముదిరిన తీగ గెలలు తక్కువ వేస్తుంది, గాని ఆ కొద్దిలోనే చిక్కదనం. వేళ్లు లోతుకు దిగినందువల్ల కరువు ఏడాదైనా, వాన ఏడాదైనా పెద్దగా తడబడదు. హైదరాబాదు చుట్టుపక్కల పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ పెంచినవారికి ఈ ఓపిక ఆశ్చర్యం కలిగిస్తుంది. మన ఉష్ణసీమలో ద్రాక్షకు చలికాలపు నిద్ర లేదు. ఏప్రిల్లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి కాపు తెప్పిస్తాం, తోట తొందరగా అలసిపోతుంది. సెంట్ ఎమిలియన్ తీగ ఏటా నాలుగైదు నెలలు మొద్దులాగా నిద్రపోతుంది.

ఆ గట్టుమీద పండే ముఖ్యమైన ద్రాక్ష రకాలు రెండు, మెర్లో, కాబర్నే ఫ్రాంక్. మెర్లో త్వరగా పండి మెత్తదనమిస్తుంది, రెండోది పరిమళాన్నీ నిలవనూ ఇస్తుంది. ఎండలు ముదురుతున్న ఈ కాలంలో మెర్లోలో తీపి మితిమీరి, మత్తు పాలు పెరుగుతోందని అక్కడి రైతుల దిగులు. అంచేత చాలామంది కాబర్నే ఫ్రాంక్ వైపు మొగ్గుతున్నారు. చల్లగా, తడిగా ఉండే సున్నపురాతికి ఇప్పుడు మునుపటికంటె గిరాకీ పెరిగింది. ఈ దేశపు దక్షిణతీరంలోని సుద్దనేలలు కూడా సున్నపురాయి చుట్టాలే. కెంటు, ససెక్సు గుట్టల మీద ఇప్పుడు బుడగల వైను తోటలు లేస్తున్నాయి. షాంపేన్ పెద్ద కంపెనీ తెత్తాంజే 2017లో కెంటులో తీగలు నాటింది.

బోర్డోలో సీసాలకెత్తిన సరుకులో మంచి వంతు నేటికీ తాగడానికి ముందు ఇంగ్లండుకు వచ్చి నిద్రపోతుంది. విల్ట్‌షైరులో, బాత్ నగరానికి దగ్గరి కోర్షమ్ ఊళ్లో, బాత్ మేడలకు రాయి తవ్విన పాత గనులు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధంలో వాటిలో మందుగుండు దాచారు. యుద్ధమైపోయాక కొన్ని దశాబ్దాలకు వైను దాచే కంపెనీ ఒకటి అక్కడ చేరింది. నేలకు దాదాపు 100 అడుగుల లోతున, వెలుతురు లేక, కుదుపు లేక, ఏడాది పొడుగునా ఒకే చల్లదనంలో, పెట్టెలకు పెట్టెలు పేర్చి ఉంటాయి. కొన్నవాళ్లలో కొందరు తమ మనుమల పేరు మీద దాచుకున్నవి కూడా వాటిలో ఉంటాయి. బాత్ రాయి కూడా సున్నపురాయే.